కంపెనీ వేరు, వాటాదారు వేరు
(పాండూరు వర్తకుడొకడు నష్టపడి నేర్చుకొన్న పాఠము)



నేను పండితుడను గాను, వకీలును గాను. హైస్కూలు చదువుతో నిలిపి మా నాయనగారి వెంట అంగడిలో కూర్చున్నవాడను. అయినను ఈ విషయములో కొంత సొమ్ము పోగొట్టుకొని, తరువాత పుస్తకములు చదివి, తెలిసినవారిని అడిగి కొంత నేర్చుకొన్నాను. ఆ నేర్చినది పదిమందికి చెప్పినచో నా నష్టములో కొంతయైనను వసూలైనట్లే గదా అని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇప్పుడు మన పిల్లలు చాలమంది "ప్రైవేటు లిమిటెడ్" అని బోర్డు కట్టుచున్నారు. వ్యాపారము బాగున్న దినములలో వారు, "కంపెనీ అంతా మనదే గదా! మన డబ్బు మనము తీసికొంటే అడిగేవాడెవడు?" అందురు. వ్యాపారము చెడిన దినమున ఆ నోటనే, "కంపెనీ లిమిటెడ్ గదా! దాని అప్పుతో మనకేమి సంబంధము?" అందురు. ఈ రెండు మాటలలో మొదటిది తప్పు. రెండవది సగము నిజము. ఆ సగము ఎచ్చటిదాకా నిజమో తెలిసికొనుటయే ఈ పాఠము.

మా ఇంటి సంగతి

2013లో మా అన్నగారి కుమారుడు తిరుత్తణి దారిలో వేరుసెనగ నూనె మిల్లు పెట్టినాడు. ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ రిజిస్టరు చేయించినాడు. మూలధనము పది లక్షలు. అందులో అతనికి ఆరు లక్షలు, అతని భార్యకు ఒక లక్ష, బావమరిదికి మూడు లక్షలు. నాకు ఒక్క షేరు కూడ లేదు. నేను డైరెక్టరును కూడ కాను.

కంపెనీ ఒక బ్యాంకులో నలుబది లక్షలు అప్పు అడిగినది. ఆస్తి గల మరియొకరి పూచీ కావలెనని బ్యాంకువారు చెప్పినారట. ఒకనాటి సాయంకాలము అబ్బాయి అంగడికి వచ్చి, "చిన్నాయనా, ఒక్క సంతకము. కంపెనీ లిమిటెడ్ గదా, మీకేమి భయము?" అన్నాడు. ఇద్దరు గిరాకీలకు నడుమ, చదువకనే, చూపిన చోటనెల్ల సంతకము పెట్టినాను. తప్పు నాది. చదువవద్దని ఎవరును నా చేయి పట్టుకొనలేదు.

2018లో మిల్లు మూతపడినది. యంత్రములు, షెడ్డు అమ్మిన తరువాత కూడ పదునేడు లక్షలు బాకీ నిలిచినది. నోటీసులు రెండు వచ్చినవి. ఒకటి అబ్బాయికి, ఒకటి నాకు. మూడు లక్షల షేర్లు గల బావమరిదికి నోటీసు రాలేదు. అతని మూడు లక్షలు పోయినవి, అంతటితో సరి. ఒక్క షేరు లేని నేను మాత్రము మా నాయనగారు పాండూరులో కొనిపెట్టిన ఇంటిస్థలము అమ్మి కట్టవలసి వచ్చినది.

"షేరు ఉన్నవాడు నిశ్చింతగా నిద్రపోయె, షేరు లేనివాడు స్థలము అమ్ముకొనె. ఇది ఏమి న్యాయమండీ?" అని నా భార్య అడిగినది. అప్పుడు జవాబు చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెప్పగలను.

ఉమ్మడి వ్యాపారమునకు గోడ లేదు

మన తాతల కాలము నుండి అన్నదమ్ములు, బావమరదులు కలిసి భాగస్వామ్యముగా అంగళ్లు నడుపుకొన్నారు. దీనికి 1932 నాటి భాగస్వామ్య చట్టము గలదు. దాని ప్రకారము భాగస్వామ్యపు అప్పు ప్రతి భాగస్థుని అప్పు. నలుగురు సమభాగస్థులు ఉన్నను, అప్పు ఇచ్చినవాడు నలుగురిలో ఒకని పట్టుకొని మొత్తము వసూలు చేయవచ్చును. ఆ ఒకడు తరువాత మిగిలిన ముగ్గురి వద్ద తన పాలు రాబట్టుకొనవలసినదే. అంగడికిని ఇంటికిని నడుమ గోడ లేదు. అంగడి మునిగిన ఇల్లు కూడ మునుగును. 2008లో వచ్చిన ఎల్.ఎల్.పి. చట్టము ఈ కష్టమును తగ్గించుటకు భాగస్వామ్యమునకును కంపెనీకిని నడుమ ఒక దారి వేసినది. అది వేరు సంగతి.

గోడ లేని వ్యాపారము ఎట్లు కూలునో మన మద్రాసు ఒకసారి కన్నులార చూచినది. ఆర్బత్నాటు కంపెనీ అని అచ్చట పేరుమోసిన తెల్లవారి సంస్థ ఉండెడిది. పేరులో కంపెనీ యున్నను అది భాగస్వామ్యమే. ఊరూర జనులు దానిలో డబ్బు దాచుకొన్నారు. 1906 అక్టోబరులో అది దివాలా తీసినది. లండనులో ఉన్న భాగస్థుడు మక్‌ఫాడియను రైలు క్రింద పడి ప్రాణము తీసికొన్నాడు. మద్రాసులోని సర్ జార్జి ఆర్బత్నాటునకు పదునెనిమిది నెలల కఠిన శిక్ష పడినది. దాచుకొన్నవారి కష్టము చెప్పనలవి కాదు.

ఆ దెబ్బ తరువాతనే, మనవారికి మన బ్యాంకు కావలెనని వకీలు వి. కృష్ణస్వామి అయ్యరుగారు మొదలగువారు పూనుకొనగా ఇండియన్ బ్యాంకు పుట్టినది. 1907 మార్చిలో రిజిస్టరు అయి, ఆగస్టు 15న వ్యాపారము మొదలుపెట్టినది. దీనిని భాగస్వామ్యముగా గాక లిమిటెడ్ కంపెనీగా పెట్టినారు. ఎందరో చిన్న చిన్న మొత్తములతో షేర్లు కొనవలెనన్న, ఎవని ఇల్లు వానికి భద్రముగా ఉండవలెను గదా.

చట్టము పుట్టించిన మనిషి

మన దేశములో కంపెనీలను రిజిస్టరు చేయుటకు మొదటి చట్టము 1850లో వచ్చినది. వాటాదారుని బాధ్యతకు హద్దు పెట్టు వీలు 1857లో కలిగినది. బ్యాంకులకు ఆ వీలు 1860లో ఇచ్చినారు. తరువాత చట్టములు మారుచు వచ్చినవి. 1956 చట్టము చాలకాలము నడిచి, ఇప్పుడు 2013 చట్టము అమలులో ఉన్నది.

రిజిస్టరు అయిన దినమున ఏమి జరుగును? చట్టము ఒక క్రొత్త మనిషిని పుట్టించును. ఆ మనిషికి సొంత పేరు, సొంత ఆస్తి, సొంత అప్పు ఉండును. తన పేరుతో దావా వేయవచ్చును, తనపై దావా వేయించుకొనవచ్చును. వాటాదారు చనిపోయినను కంపెనీ చావదు. షేర్లు వారసులకు చేరును, కంపెనీ అట్లే నడచును. భాగస్వామ్యములో వేరుగా ఒప్పందము లేకున్న ఒక భాగస్థుడు చనిపోగానే సంస్థ రద్దగును. కంపెనీకి మరణము చట్టప్రకారము మూసివేసినప్పుడే.

ఈ క్రొత్త మనిషి నిజముగా వేరా, లేక మన నీడయా అను ప్రశ్న మన దేశములో కూడ కోర్టుకు వచ్చినది. కొండోలి తేయాకు తోట యజమానులు తమ తోటను తామే వాటాదారులుగా ఉన్న కంపెనీకి వ్రాసి ఇచ్చినారు. "ఈ చేతి నుండి ఆ చేతికి మార్చుకొన్నాము, ఇది అమ్మకము కాదు, స్టాంపు సుంకము ఎందుకు?" అని వాదించినారు. 1886లో కలకత్తా హైకోర్టు, కంపెనీ వేరొక వ్యక్తి, సుంకము కట్టవలసినదే అని తీర్పు చెప్పినది. అంగడిని, గిడ్డంగిని తమ కంపెనీకి మార్చదలచినవారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

పది సంవత్సరములకు లండనులో మరియొక తీర్పు వచ్చినది. ఇప్పుడు లోకమంతయు దానినే చెప్పుకొనుచున్నది. సాలమన్ అను తోలు బూట్ల వ్యాపారి తన వ్యాపారమును 1892లో కంపెనీగా మార్చినాడు. అప్పటి చట్టమునకు ఏడుగురు కావలెను. తాను, భార్య, కూతురు, నలుగురు కొడుకులు చేరి ఏడుగురైనారు. మొత్తము 20,007 షేర్లలో 20,001 అతనివే. వ్యాపారపు ధరలో పదివేల పౌండ్లకు నగదు బదులు, కంపెనీ ఆస్తిపై ముందు హక్కు గల డిబెంచర్లు తీసికొన్నాడు. మరుసటి సంవత్సరమే కంపెనీ చెడినది. డిబెంచర్ల బాకీ ముందు తీరగా, సరుకు అరువిచ్చిన వర్తకులకు ఏమియు మిగులలేదు. "కంపెనీ యనునది వట్టి వేషము, అంతయు సాలమనే" అని వారి తరఫున వాదించినారు. క్రింది కోర్టులు రెండును ఆ వాదమునే ఒప్పుకొన్నవి. 1896 నవంబరులో ప్రభువుల సభ దానిని త్రోసివేసినది. చట్టప్రకారము రిజిస్టరు అయిన కంపెనీ తన వాటాదారులకంటె పూర్తిగా వేరైన వ్యక్తి, షేర్లన్నియు ఒకని చేతిలో ఉన్నను సరే అని నిర్ణయించినది.

తోలు వ్యాపారము మనకు పనికిరాదు గాని ఆ వ్యాపారి గెలిచిన న్యాయము మనకు పనికివచ్చును. మన చట్టములో 2013 నుండి ఒక్క మనిషే వాటాదారుగా కంపెనీ పెట్టుకొను వీలు కూడ వచ్చినది.

ఆ కథలో మనము రెండవ వైపున కూడ ఉందుమని మరువరాదు. కంపెనీకి సరుకు అరువిచ్చువారము మనమే. ఎదుటివాని మేడ, కారు చూచి అతని "ప్రైవేటు లిమిటెడ్"కు అరువు ఇచ్చినచో, రేపు మనకు బాకీ పడునది ఆ మేడ గలవాడు కాదు, ఆ కంపెనీ. దాని ఆస్తి ఎంత, దానిపై ముందు హక్కు గల అప్పులెన్ని అని విచారించి ఇవ్వవలెను.

గోడకు రెండవ వైపు

గోడ ఇంటిని కాపాడును అన్న మాట అందరికి ఇష్టమే. కాని గోడకు రెండు వైపులు ఉండును. కంపెనీ అప్పు మన ఇంటికి రానట్లే, కంపెనీ ఆస్తి కూడ దానంతట అది మన ఇంటికి రాదు.

బొంబాయిలో శ్రీమతి బాచా గుజ్దార్ అను ఆమెకు రెండు తేయాకు కంపెనీలలో షేర్లు ఉండెడివి. 1949-50లో 2,750 రూపాయల డివిడెండు వచ్చినది. తేయాకు కంపెనీ ఆదాయములో నూటికి అరువది పాళ్లు వ్యవసాయపు ఆదాయమని లెక్క, దానికి కేంద్రపు ఆదాయపు పన్ను లేదు. "నాకు వచ్చినది ఆ ఆదాయమే గదా, నా డివిడెండులో కూడ అరువది పాళ్లకు, అనగా 1,650 రూపాయలకు, పన్ను వద్దు" అని ఆమె వాదము. వినుటకు న్యాయముగానే ఉన్నది. కాని 1954లో సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. భూమి కంపెనీది, పంట కంపెనీది. వాటాదారునకు భూమితో సంబంధము లేదు. కంపెనీ లాభము పంచదలచినప్పుడు పాలు పొందుటకు మాత్రమే అతనికి హక్కు. కావున డివిడెండు వ్యవసాయపు ఆదాయము కాదని తీర్పు.

ఐర్లండులో మకారా అను భూస్వామి కథ ఇంకను కఠినము. తన కలపనంతయు ఒక కంపెనీకి అమ్మి, ధరకు బదులుగా షేర్లు తీసికొన్నాడు. కంపెనీ దాదాపు అతనిదే. కాని కలపకు ఇన్సూరెన్సు మాత్రము తన సొంత పేరుతోనే చేయించుకొన్నాడు. 1922లో కలప తగులబడినది. ఇన్సూరెన్సువారు ఇవ్వమన్నారు. 1925లో ప్రభువుల సభ వారి పక్షముననే తీర్పు చెప్పినది. కాలినది కంపెనీ కలప, పాలసీ మకారాది. తనది కానిదానికి అతడు ఇన్సూరెన్సు ఎట్లు పొందును? కలప బూడిద, సొమ్ము సున్న.

చదువరులు ఈ దినమే తమ గిడ్డంగి పాలసీ తీసి చూడవలెను. సరుకు కంపెనీ పేరున కొని, పాలసీ అయ్యగారి పేరున, బండి అమ్మగారి పేరున ఉన్న ఇండ్లను నేనెరుగుదును.

మనిషే గాని పౌరుడు కాడు

కంపెనీ మనిషి అయినచో పౌరుని హక్కులు కూడ ఉండునా? ఈ ప్రశ్న మన తెలుగుదేశపు విశాఖపట్టణము నుండి సుప్రీంకోర్టుకు వెళ్లినది. అచ్చటి వాణిజ్యపు పన్నుల అధికారి స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషనుకు అమ్మకపు పన్ను వేసినాడు. ఆ కంపెనీ, వ్యాపారము చేసికొను పౌరుని ప్రాథమిక హక్కునకు భంగము కలిగినదని సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1963లో ధర్మాసనములోని అధిక సంఖ్యాకులు, కంపెనీ మనిషియే గాని పౌరుడు కాడని తీర్పు చెప్పినారు. మరుసటి సంవత్సరము టాటా ఇంజనీరింగు కంపెనీ, "పోనీ, మా వెనుక ఉన్న వాటాదారులు పౌరులే గదా, తెర తీసి వారిని చూడుడు" అని అడిగినది. అదియు సాగలేదు. లాభమునకు వేరు, హక్కునకు ఒకటి అనుట కుదరదన్నమాట.

అట్లని వాటాదారుని నోరు కట్టివేయలేదు. 1969లో పదునాలుగు బ్యాంకులను ప్రభుత్వము తీసికొన్నప్పుడు, షేర్లు గల ఆర్.సి. కూపరుగారు కోర్టుకు వెళ్లినారు. దెబ్బ కంపెనీకి తగిలినను, దానితోపాటు వాటాదారుని సొంత హక్కునకు కూడ తగిలినచో అతడు తన పేరున రావచ్చునని 1970లో సుప్రీంకోర్టు చెప్పినది.

గోడ నిలిచిన విధమునకు మన కాలపు సాక్ష్యము హైదరాబాదు సత్యం కంపెనీ. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజుగారు లెక్కలలో లేని ధనమును ఉన్నట్లు చూపినామని తామే ఉత్తరము వ్రాసినారు. లేని నగదు, బ్యాంకు నిలువలు 5,040 కోట్లని అందులో ఉన్నది. ఆ ఒక్కనాటనే షేరు ధర కుప్పకూలినది. వాటాదారులు చాల నష్టపోయిరి. కాని ఏ వాటాదారుని ఇంటికిని కంపెనీ బాకీ కొరకు ఎవరును రాలేదు. కంపెనీ కూడ చావలేదు. ఆ సంవత్సరమే టెక్ మహీంద్రావారి చేతికి వెళ్లి, 2013లో వారి కంపెనీలో కలిసినది. నడిపినవారి సంగతి వేరు. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజుగారికి ఏడు సంవత్సరముల శిక్ష విధించినది. వారు అప్పీలు చేసి బెయిలు పొందినారు. వాటాదారునకు గోడ అడ్డుపడినది గాని మోసమన్న ఆరోపణకు గోడ అడ్డుపడలేదు.

గోడ ఎచ్చట పడును?

గోడ ఉన్నను, దానిలో తలుపులు కలవు. మన వర్తకులు తెలిసికొనవలసినవి ఇవి.

1. కట్టని షేరు సొమ్ము. పది రూపాయల షేరునకు ఆరు కట్టి ఉన్నచో, మిగిలిన నాలుగు అడిగినప్పుడు కట్టవలెను. పది పూర్తిగా కట్టినవానికి ఇక బాధ్యత లేదు. "లిమిటెడ్" అన్న మాటకు అర్థమిదియే.

2. మోసము. అప్పులవారిని ముంచవలెనను తలంపుతో వ్యాపారము నడిపినట్లు కంపెనీ మూసివేతలో తేలినచో, తెలిసి అందులో పాల్గొన్నవారిని సొంతముగా, హద్దు లేకుండ బాధ్యులను చేయు అధికారము 2013 చట్టము 339వ సెక్షనులో ఉన్నది.

3. చెక్కు. కంపెనీ చెక్కు డబ్బు లేక తిరిగి వచ్చినచో కంపెనీపైననే గాక, ఆనాడు వ్యాపారమును నడుపుచున్నవారిపై కూడ కేసు వచ్చును. పేరునకు మాత్రము డైరెక్టరుగా పెట్టిన ఇల్లాలు కోర్టు మెట్లు ఎక్కకుండ ఉండవలెనన్న, ఆమెకు సంబంధము లేని కాగితములపై సంతకములు పెట్టించరాదు.

4. పన్ను. ప్రైవేటు కంపెనీ నుండి ఆదాయపు పన్ను వసూలు కానిచో, ఆ కాలపు డైరెక్టర్ల నుండి వసూలు చేయవచ్చును. తమ తీవ్రమైన అశ్రద్ధ గాని, తప్పు గాని కారణము కాదని డైరెక్టరే నిరూపించుకొనవలెను.

5. కలగలుపు. కంపెనీ గల్లాపెట్టెలో నుండి ఇంటి ఖర్చులు తీయుట. మా అబ్బాయి కూతురి బడి ఫీజు, వంటింటి నూనె, చుట్టము పెండ్లి చదివింపు అన్నియు మిల్లు పద్దులోనే వ్రాయించెడివాడు. అది మోసము చేయవలెనని కాదు, అలవాటు. కాని పదింట ఒక వంతుకు తక్కువ గాకుండ ఓటు హక్కు గల వాటాదారునకు ఇట్టి కంపెనీ అప్పుగా ఇచ్చిన సొమ్మును, కంపెనీ కూడబెట్టిన లాభముల మేరకు, డివిడెండుగా లెక్కించి పన్ను వేయుటకు చట్టములో వీలున్నది. కంపెనీ నుండి సొమ్ము రావలెనన్న తిన్నని దారులు ఉన్నవి. జీతముగా తీసికొనుము, డివిడెండుగా తీసికొనుము, కంపెనీకి నీవిచ్చిన అప్పును తిరిగి తీసికొనుము, అద్దెగా తీసికొనుము. ఏదైనను కాగితముపై ఉండవలెను.

6. పూచీకత్తు. ఇది అన్నిటికంటె పెద్ద తలుపు. దీనిని తెరచునది చట్టము కాదు, మన చేయి.

ఒక్క సంతకము

1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా లేకున్న, పూచీపడినవాని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. బ్యాంకువారు మొదట కంపెనీని అడిగి, అది ఇవ్వనిచో తరువాతనే పూచీదారుని అడుగవలెనను నియమము లేదు.

నా భార్య ప్రశ్నకు జవాబు ఇచ్చట ఉన్నది. బావమరిది గోడకు ఆవల నిలిచినాడు, అతని మూడు లక్షలే అతని హద్దు. నేను గోడతో సంబంధము లేనివాడనై యుండియు, సంతకముతో నా ఇంటి తలుపు నేనే తీసి ఇచ్చినాను. బ్యాంకు నన్ను వాటాదారుగా అడుగలేదు, పూచీదారుగా అడిగినది. అందులో అన్యాయము లేదు.

కంపెనీ దివాలా చట్టము క్రిందకు వెళ్లి, కొంత సొమ్ముతో అప్పు పరిష్కారమైనచో పూచీ కూడ పోవునని కొందరు నమ్మిరి. 2021 మే 21న లలితకుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆశను తుడిచివేసినది. కంపెనీ పరిష్కార ప్రణాళిక అమలైనంత మాత్రమున సొంత పూచీపడినవారి బాధ్యత దానంతట అది తీరిపోదని చెప్పినది.

ఇట్లని పూచీ ఎన్నడును పడవద్దని నేను చెప్పను. మన సమాజము ఒకరికొకరు నిలబడియే ఇంతవరకు వచ్చినది. పూచీ పడినచో తెలిసి పడవలెను. పత్రము ఇంటికి తెచ్చి చదివి, ఇల్లాలికి చెప్పి, ఒక రాత్రి గడిచిన తరువాత సంతకము చేయవలెను. "మొత్తము అప్పునకు" అని కాక, ఇంత రూపాయల వరకు అని హద్దు వ్రాయించవలెను. ముందుముందు ఇచ్చు అప్పులకు కూడ చెల్లు నిరంతర పూచీ అయినచో, ఇకపై ఇచ్చువాటికి నేను బాధ్యుడను గానని నోటీసు ఇచ్చి మానుకొనవచ్చును. పాత అప్పునకు మాత్రము బాధ్యత నిలుచును. మనకు చెప్పకుండ అప్పు షరతులు మార్చినచో, ఆ తరువాతి వ్యవహారములకు పూచీ పోవునని చట్టములో ఉన్నది. కాని చాల పత్రములలో ఆ హక్కును మనము ముందే వదులుకొన్నట్లు చిన్న అక్షరములతో వ్రాసి ఉండును. ఆ చిన్న అక్షరములే పెద్ద కండ్లతో చదువవలెను. బాకీ కట్టిన పూచీదారునకు, అప్పు ఇచ్చినవానికి ఉన్న హక్కులన్నియు సంక్రమించును. సహపూచీదారులు ఉన్నచో వారి పాలు అడుగవచ్చును.

మా అబ్బాయి ఇప్పుడు వేరొక చోట ఉద్యోగము చేయుచు నెలకు కొంత నాకు తిరిగి ఇచ్చుచున్నాడు. "చిన్నాయనా, ఆనాడు నేనును చదువలేదు" అన్నాడు. "చదివి ఉంటే నన్ను అడిగేవాడివా, నాయనా?" అన్నాను. తల వంచుకొన్నాడు. అడిగేవాడు కాడని నాకు తెలియును. ఇద్దరికిని చదువక చేసిన తప్పే గాని, చెడ్డ మనసు లేదు. కావున మా నడుమ రాకపోకలు చెడలేదు. అందరి ఇండ్లలో అట్లు జరుగదు. పదునేడు లక్షలకంటె తక్కువ సొమ్మునకే మాటలు మానిన అన్నదమ్ములను మనము చూచుచునే ఉన్నాము.

రెండు సంచులు

చివరకు చెప్పవలసినది ఒక్క మాట. మన ధర్మములో అదత్తాదానము, అనగా ఇవ్వనిదానిని తీసికొనుట, దోషమని చిన్ననాటి నుండి విన్నాము. పరాయివాని సొమ్ము అనగానే మనము పొరుగువాని సొమ్మునే తలంతుము. కాని చట్టము దృష్టిలో నా షేర్లన్నియు నావే అయిన కంపెనీ సొమ్ము కూడ, అది నాకు ఇచ్చువరకు పరాయిదే. ఎందుకనగా ఆ సొమ్ములో సరుకు అరువిచ్చినవాడు ఉన్నాడు, కూలివాడు ఉన్నాడు, పన్ను ఉన్నది, బావమరిది మూడు లక్షలు ఉన్నవి. వారందరి తరువాతనే నేను.

దీపావళినాడు మహావీరస్వామి నిర్వాణమును స్మరించి క్రొత్త పద్దులు తెరచునప్పుడు, మన ఇండ్లలో రెండు పుస్తకములు వేరువేరుగా తెరువుడు. ఒకటి కంపెనీది, ఒకటి ఇంటిది. బ్యాంకు ఖాతాలు రెండు, గల్లాపెట్టెలు రెండు. సరుకు ఎవరి పేరున ఉన్నదో పాలసీ వారి పేరుననే. కంపెనీ తరఫున సంతకము చేయునప్పుడు కంపెనీ పేరు వ్రాసి, దాని క్రింద "డైరెక్టరు" అని చేర్చి సంతకము చేయుడు. మీ సొంత పేరుతో పెట్టు ప్రతి సంతకమునకు ముందు, ఈ కాగితము గోడకు ఈవలనా ఆవలనా అని ఒక్క నిమిషము ఆలోచించుడు.

పాండూరు స్థలము ఇప్పుడు వేరొకరిది. వారు అచ్చట ఇల్లు కట్టుకొని సుఖముగా ఉన్నారు. ఆ వీధిన పోవునప్పుడెల్ల నాకు మా నాయనగారు గుర్తుకు వత్తురు. వారు ఏ కాగితమైనను రెండుసార్లు చదివి, మూడవసారి మా అమ్మకు వినిపించి, అప్పుడు కలము తీసెడివారు. వారికి కంపెనీ చట్టము తెలియదు గాని ఆ ఒక్క అలవాటు నాకంటె బాగుగా తెలియును. అది మన పిల్లలకు నేర్పుదము.